వైప్‌తో తుడిచాక వెంటనే ఆరబెట్టవచ్చా?

విజయనగరంలో మందుల దుకాణం నడుపుతున్న మీ ప్రశ్న: గాజు కౌంటరును క్రిమిసంహారక వైప్‌తో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి తీసేస్తే సరిపోతుందా? సరిపోదు. ఆ గుడ్డతో మీరు తీసేస్తున్నది క్రిములను చంపే మందునే.

రుద్దినంత మాత్రాన క్రిములు చావవు, తడి నిలవాలి. ఎంతసేపన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది; రకాన్ని బట్టి 30 సెకన్ల నుంచి 10 నిమిషాల దాకా. ఎండాకాలం మధ్యాహ్నం, నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే గాజు మీద తడి చూస్తుండగానే ఆరిపోతుంది. ఫ్యాను ఆపండి, లేదా ఇంకో వైప్‌తో మళ్లీ తడపండి. ఇక్కడ పొదుపు పనికిరాదు: ఆరిపోయిన వైప్‌తో కౌంటరంతా తుడిస్తే ఈ మూల క్రిములు ఆ మూలకు చేరతాయి, అంతే.

సిరప్ మరకలుంటే ముందు సబ్బునీళ్లతో కడగాలి. పసిపిల్లలకు వాడే వైప్‌లు ఈ పనికి రావు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ చాలా రకాల వైప్‌లకు లొంగదు. అక్కడ 5 శాతం బ్లీచు ద్రావణం 20 మిల్లీలీటర్లు లీటరు నీటిలో, ఏ రోజుకు ఆ రోజు కలిపి వాడండి. అందులో యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.