బ్లాక్ ఫారెస్ట్‌లో పసుపు డైమండ్ గుర్తు గురించి

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ అడవిలో పసుపు డైమండ్ గుర్తు పట్టుకుని నడిచినా దారి తప్పామన్నారు కదండీ. చిక్కు ఎక్కడంటే, అది ఒక్క దారి గుర్తు కాదు. అక్కడి స్థానిక దారులన్నిటికీ అదే. అందుకని కూడలి దగ్గర స్తంభం మీది బోర్డులో మీరు వెళ్లాల్సిన ఊరి పేరు, కిలోమీటర్లు చూసుకుని మలుపు తీసుకోండి. ప్రతి బోర్డునూ ఫోటో తీసుకుంటే ఇంకా మేలు. నీలం డైమండ్ ప్రాంతీయ దారులది; తెల్లదాని మీద ఎర్ర డైమండ్, ప్ఫోర్ట్స్‌హైమ్ నుంచి బాసెల్ దాకా సాగే వెస్ట్‌వెగ్ అనే సుదూర నడకదారిది.

పది నిమిషాలు నడిచినా గుర్తు కనబడలేదంటే ముందుకు పోకండి, చివరి గుర్తు దాకా వెనక్కి రండి. దుంగలు లాగే యంత్రాల జాడలు అచ్చం కాలిబాటల్లాగే ఉండి, అడవి మధ్యలో ఆగిపోతాయి.

లోయల్లో సిగ్నల్ పోతుంది, ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి. ఆపద వస్తే 112కి ఫోన్ చేసి, మీరున్న చోటు తెలిసేలా దగ్గర్లోని తెల్ల క్రాస్ ఉన్న ఆకుపచ్చ బోర్డు మీది నంబరు చెప్పండి.