సినిమా సందేహాలు: విశ్వనాథ్ పక్కన బాపు

మా గ్రంథాలయంలో ఆదివారాలు పాత సినిమాలు వేస్తున్నాం. కె. విశ్వనాథ్, బాపు ఇద్దరి సినిమాలూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవాలని ఉంది. కానీ ఒక్కో జాబితాలో ఒక్కో లెక్క, ఒక్కో సంవత్సరం. దేన్ని నమ్మాలి? – ఒక పాఠకుడు, తెనాలి

ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న లెక్క పక్కన పెట్టండి. ఇద్దరూ యాభై అటూఇటూ తీశారు, దానివల్ల తేలేదేమీ లేదు. ఒక పొడుగు నోట్‌బుక్ తీసుకుని సినిమాకో గీత చొప్పున రాయండి: విడుదల సంవత్సరం, కథ, మాటలు, సంగీతం, కెమెరా, ఇంకో భాషలో మాతృక ఉంటే అది. ఈ వివరాలు సినిమా మొదట్లో పడే పేర్లు ఆపి చూసి రాసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని ప్రింట్లలో పేర్లు, ఒకటి రెండు పాటలు ఎగిరిపోయి ఉంటాయి. అలాంటి ప్రింటు చూసి ‘ఇందులో పాటలు తక్కువ’ అని తీర్మానించకండి.

లెక్క తప్పేది మూడు చోట్ల. మొదటిది సంవత్సరం. ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. జాతీయ అవార్డుల్లో మాత్రం అది 1979 ఖాతాలో ఉంటుంది. ఒక జాబితా అవార్డు ఏడాది పట్టుకుంటుంది, ఇంకోటి విడుదల పట్టుకుంటుంది. మీరు విడుదలకే కట్టుబడండి. రెండోది ఒకే పేరు. ‘త్యాగయ్య’ అంటే 1946లో నాగయ్యగారిది ఒకటి, 1981లో బాపుది ఒకటి. ‘సుందరకాండ’ అంటే 1992లో రాఘవేంద్రరావుది, 2008లో బాపుది. మూడోది డబ్బింగు. ‘సాగరసంగమం’ తమిళంలో ‘సలంగై ఒలి’ అయింది. దాన్ని వేరే సినిమాగా రాస్తే లెక్క పెరుగుతుంది. అదే ‘సిరిసిరిమువ్వ’ను విశ్వనాథే హిందీలో ‘సర్గమ్’గా మళ్లీ తీశారు కాబట్టి దానికి వేరే గీత ఇవ్వాల్సిందే.

ఇంకో మాట. విశ్వనాథ్ జాబితాని చాలామంది ‘శంకరాభరణం’తో మొదలుపెడతారు. అంతకుముందు ‘చెల్లెలి కాపురం’ (1971), ‘శారద’ (1973), ‘ఓ సీత కథ’ (1974), ‘జీవన జ్యోతి’ (1975) ఉన్నాయి. ఆడవాళ్ల కష్టం చుట్టూ అల్లిన ఆ కుటుంబ కథలు వదిలేస్తే ‘సిరిసిరిమువ్వ’లో మూగపిల్ల ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కాదు.

విశ్వనాథ్‌వి సొంత కథలు, బాపువి చాలావరకు రీమేకులు అంటుంటారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, వరంగల్

సగం నిజం. ‘తూర్పు వెళ్ళే రైలు’ (1979)కి భారతీరాజా తమిళ సినిమా మాతృక. ‘మనవూరి పాండవులు’ (1978)కి పుట్టణ్ణ కణగాల్ కన్నడ సినిమా. ‘రాధాకల్యాణం’ భాగ్యరాజ్ ‘అంద ఏళు నాట్‌కళ్’. భైరప్ప నవల మీద కన్నడంలో వచ్చిన ‘వంశవృక్ష’ 1980లో తెలుగు ‘వంశవృక్షం’ అయింది. అనిల్ కపూర్‌ని అందులో హీరోగా పెట్టిన బాపే, ‘రాధాకల్యాణం’ కథని హిందీలో ‘వో సాత్ దిన్’ (1983)గా తీసినప్పుడు మళ్లీ అతన్నే తీసుకున్నారు. ‘మనవూరి పాండవులు’ కూడా ఆయన చేతిమీదుగానే ‘హమ్ పాంచ్’ (1980) అయింది.

విశ్వనాథ్ దారి దీనికి అడ్డం. ‘సర్గమ్’, ‘కామ్‌చోర్’, ‘జాగ్ ఉఠా ఇన్సాన్’, ‘సుర్ సంగమ్’, ‘ఈశ్వర్’ అన్నీ ఆయన తెలుగులో తీసినవాటికే హిందీ రూపాలు. అంటే ఆయన సరుకు బయటికి వెళ్లింది, బాపు బయటి సరుకు ఇంటికి తెచ్చారు. కానీ ‘సాక్షి’ (1967), ‘అందాల రాముడు’, ‘ముత్యాల ముగ్గు’ (1975) ముళ్లపూడి వెంకటరమణ కలం నుంచి వచ్చినవి. ‘ముత్యాల ముగ్గు’లో పొద్దున్నే ఎర్రబడ్డ ఆకాశాన్ని చూసి హత్య గుర్తుచేసుకునే కాంట్రాక్టర్ని ఏ భాష నుంచి తెస్తారు చెప్పండి! రీమేకుల్లో కూడా రమణ మాటలు పడ్డాక మన గోదావరి యాసే వినబడుతుంది.

అందుకే నోట్‌బుక్‌లో ‘మాటలు’ గడి ముఖ్యం. బాపు వైపు ఆ గడి నిండా దాదాపు ఒకటే పేరు. విశ్వనాథ్ వైపు జంధ్యాల వస్తారు, తర్వాత సాయినాథ్, ఆకెళ్ల వస్తారు. రచయిత మారినా పాత్రలు మాట్లాడే మర్యాద మారదు. అది విశ్వనాథ్ పట్టు అని నా లెక్క.

ఒకే రోజు రెండు సినిమాలు వేయాలంటే ఏ జత మంచిది? – ఒక పాఠకుడు, అనంతపురం

పొద్దున ‘శంకరాభరణం’, మధ్యాహ్నం బాపు ‘త్యాగయ్య’. రెంటికీ కె.వి. మహదేవన్ సంగీతం, రెంట్లోనూ జె.వి. సోమయాజులే, రెండూ కర్ణాటక సంగీతం చుట్టూ తిరిగేవే. మధ్య తేడా ఏడాది. ఒకటి దేశమంతా ఆడింది, ఇంకోటి నిలబడలేదు. ఎందుకు? ‘త్యాగయ్య’ కథ జనానికి ముందే తెలుసు. రాముడి విగ్రహం పోవడం, దొరకడం, అన్నగారి సాధింపు... వరస తప్పకుండా వస్తుంటాయి, చూసేవాడికి ఆత్రం ఉండదు. ‘శంకరాభరణం’లో సంగీత విద్వాంసుడైన శాస్త్రిని మనం సూటిగా చూడం, తులసి కళ్లతో చూస్తాం. ఆయన గొప్పతనం ఆ అమ్మాయి భయభక్తుల్లోంచి మనకి చేరుతుంది. పైగా ఆయనలో లోపముంది. పెళ్లిచూపుల్లో కూతురు పాడుతూ స్వరం తప్పితే, ఎదురుగా ఎవరున్నారో మరిచి అరుస్తాడు. సంబంధం పోతుంది. ఆ అరుపు ఉన్నందుకే ఆయన మనిషిలా ఉంటాడు.

సంగీతం మీద అంత ఆసక్తి లేని ఊళ్లో అయితే ‘త్యాగయ్య’ బదులు ‘మనవూరి పాండవులు’ వేయండి. అప్పుడు మహదేవన్‌తోపాటు కెమెరామన్ బాలూ మహేంద్ర కూడా ఉమ్మడి. ఒకే కన్ను ఇద్దరు దర్శకుల దగ్గర ఎలా చూసిందో పోల్చొచ్చు. బాపు బొమ్మలు గీసేవారు, షాట్లు కూడా ముందే గీసుకుని వచ్చేవారు. అందుకే ఫ్రేములో మనుషులు ఎక్కడ నిలబడ్డారో గమనించమనండి. విశ్వనాథ్ సినిమాల్లోకి వచ్చింది వాహిని స్టూడియో శబ్ద విభాగంలోంచి. ఆయన సినిమాలో నిశ్శబ్దం ఎక్కడ పడుతుందో వినమనండి. ‘సాగరసంగమం’లో వానకి నాయిక మాధవి బొట్టు చెరిగిపోకుండా నాయకుడు బాలు చెయ్యి అడ్డం పెడతాడే, అక్కడ ఎవరూ ఏమీ చెప్పరు.

రెండు సినిమాల మధ్య గంట విరామం ఇవ్వండి. వెంటవెంటనే వేస్తే రెండోదాని మీద విసుగు పడుతుంది, పోలిక చెడిపోతుంది.

చిరంజీవి ఇద్దరి దగ్గరా చేశారు కదా. తేడా ఏమిటి? – ఒక పాఠకుడు, భీమవరం

విశ్వనాథ్ ఆయన చేతికి పని ఇచ్చారు: ‘శుభలేఖ’లో హోటల్ సర్వర్, ‘స్వయంకృషి’లో చెప్పులు కుట్టేవాడు, ‘ఆపద్బాంధవుడు’లో పశువుల కాపరి. బాపు ‘మంత్రిగారి వియ్యంకుడు’లో నోటికి పని ఇచ్చారు.

ఇద్దరికీ చివర్లో పెద్ద ఖాళీ ఎందుకు కనిపిస్తుంది? – ఒక పాఠకురాలు, డాలస్

విశ్వనాథ్‌కి ‘చిన్నబ్బాయి’ (1997) తర్వాత ‘స్వరాభిషేకం’ (2004) దాకా ఖాళీ. బాపుకి ‘రాంబంటు’ తర్వాత ‘రాధాగోపాళం’ (2005) దాకా. కానీ అది ఖాళీ కాదు. ‘శుభసంకల్పం’ (1995)తో విశ్వనాథ్ నటుడయ్యారు, ఆ ఏళ్లలో వరసగా నటిస్తూ ఉన్నారు. బాపు, రమణ ఈటీవీకి ‘శ్రీ భాగవతం’ తీశారు. మీ పట్టికలో నటన, టీవీ గడులు కూడా గీసుకుంటే ఆ గీతలు ఖాళీగా మిగలవు.