స్పేస్ స్టేషన్ రిపీటర్ వినపడకపోవడానికి కారణం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హ్యామ్ రేడియో రిపీటర్ (కింది నుంచి అందిన మాటను తిరిగి ప్రసారం చేసే పరికరం) విందామని, స్టేషన్ మన మీదుగా వెళ్లే మూడు పాస్‌లు డాబా మీద నిలబడ్డా 437.800 మెగాహెర్ట్జ్‌లో గురగుర కూడా రాలేదన్నారు. ఆ "గురగుర కూడా" అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. మీ సెట్‌లో టోన్ స్క్వెల్చ్ (నిర్ణీత టోన్ ఉన్న సిగ్నల్ వస్తేనే స్పీకర్ తెరిచే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నట్టుంది. 67 హెర్ట్జ్ టోన్ మనం పంపేటప్పుడే (145.990 మీద) కావాలి. కిందికి వచ్చే సిగ్నల్‌లో టోన్ ఉండదు కాబట్టి సెట్ నోరు మూసుకునే ఉంటుంది. రిసీవ్ టోన్ తీసేసి, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరును ఆపేది) పూర్తిగా తెరవండి. చెవులు హోరెత్తినా సరే.

తర్వాతది డాప్లర్, అంటే స్టేషన్ వేగం వల్ల మనకు అందే ఫ్రీక్వెన్సీ పక్కకు జరగడం. స్టేషన్ మన వైపు వస్తున్నప్పుడు 437.810లో వినండి. అది దాటి వెళ్లేకొద్దీ 437.805, 437.800, 437.795, చివరికి 437.790. ఈ ఐదూ వరుసగా మెమరీలో వేసుకుంటే పాస్ మధ్యలో టెన్షన్ ఉండదు. పంపే ఫ్రీక్వెన్సీని కదపనక్కర్లేదు.

సెట్‌తో వచ్చిన రబ్బరు యాంటెన్నా కొసను స్టేషన్ వైపు గురిపెట్టకండి. అందరం మొదట చేసే పొరపాటే. కొస వైపు సిగ్నల్ దాదాపు అందదు, పక్క భాగం చూపించాలి. వింటూనే మణికట్టు మెల్లగా తిప్పండి, ఒక కోణంలో మాట ఒక్కసారిగా తేటపడుతుంది. చిన్న యాగీ (ఒక దిశకే గురిపెట్టే యాంటెన్నా) కట్టుకుంటే ఇంకా సుఖం.

నడినెత్తిన ఉన్నప్పుడు దూరం 400 కిలోమీటర్ల పైచిలుకే, దిగంతం దగ్గర 2,000 దాటుతుంది. అందుకని దిగంతం నుంచి 40 డిగ్రీల పైకి వచ్చే పాస్‌లే ఎంచుకోండి. లైసెన్స్ చేతికొచ్చేదాకా వినడం వరకే. వచ్చాక కూడా, స్పష్టంగా వినపడ్డాకే పీటీటీ (మాట పంపే బటన్) నొక్కండి.