ఇంటికి నర్సును పంపే ఏజెన్సీలకు లైసెన్స్ ఉంటుందా? తేడా వస్తే ఎవరికి చెప్పుకోవాలి?

మీ నాన్నగారు పక్షవాతంతో డిశ్చార్జ్ అయ్యారు, మీ ఉద్యోగం హైదరాబాద్‌లో, కాజీపేట ఇంట్లో అమ్మ ఒక్కరే. ఏజెన్సీ నుంచి నర్సును పెట్టుకునే ముందు దానికి ప్రభుత్వ అనుమతి ఉందో లేదో ఎట్లా చూసుకోవాలని అడిగారు. సూటిగా చెప్తాను. ఇంటికి మనిషిని పంపే ఈ వ్యాపారానికంటూ ప్రత్యేకమైన లైసెన్స్ లేదు. ఏజెన్సీ వాళ్ళు లేబర్ సర్టిఫికెట్, జీఎస్టీ నంబర్ చూపిస్తారు. అవి ఆ పేరుతో ఒక సంస్థ ఉందని చెప్పే కాగితాలే. వాళ్ళు పంపే మనిషికి పని వచ్చో రాదో వాటిలో ఉండదు.

ఆస్పత్రి, క్లినిక్, ల్యాబ్ ఏది పెట్టినా జిల్లాలో వైద్యాధికారుల దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. కానీ ఆ నిబంధనలు బిల్డింగు, బెడ్లు, స్టాఫ్ ఉన్న చోటును దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన పడకగదే వార్డు అయినప్పుడు తనిఖీకి ఎవరూ రారు. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇంకొకటి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్‌ను పంపే సెక్యూరిటీ ఏజెన్సీకి 2005 నాటి చట్టం కింద లైసెన్స్ కావాలి. ఆ గార్డు పూర్వాపరాలు విచారించాలి, శిక్షణ ఇవ్వాలి. లోపల మంచంలో మాట రాని మనిషికి ముక్కు పైపులో పాలు పోసేవాళ్ళను పంపే ఏజెన్సీకి ఇవేవీ అక్కర్లేదు.

ఢిల్లీలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదని కాదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాన్ని సవరించడానికి 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో ఒక బిల్లు పెట్టారు. వృద్ధులకు ఇంటి దగ్గర సేవలందించే సంస్థలన్నీ రిజిస్టర్ కావాలని, వాటికి కనీస ప్రమాణాలు ఉండాలని అందులో రాశారు. అది పరిశీలనకని పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్ళింది, చట్టం మాత్రం కాలేదు. 2024లో ఆ లోక్‌సభతో పాటే బిల్లు కూడా మురిగిపోయింది.

కాబట్టి ప్రస్తుతానికి తనిఖీ అధికారి పని మీరూ అమ్మే చేయాలి. మా అత్తమ్మకు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కుడిపక్క పడిపోయినప్పుడు హన్మకొండలో మేం ఒక ఏజెన్సీని పెట్టుకున్నాం. జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చదివిన సిస్టర్‌ను పంపుతున్నామని చెప్పి నర్సు రేటే తీసుకున్నారు. వచ్చిన అమ్మాయి మంచిది, ఓపిక గలది. కానీ అత్తమ్మను వెల్లకిలా పడుకోబెట్టే ట్యూబులో పాలు పోస్తోంది. నేను ఆపి అడిగితే, "మాకు ఇట్లనే చూపిచ్చిన్రు అక్కా" అంది. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే తలదించుకుంది. ఇంటర్ తర్వాత ఏజెన్సీ ఆఫీసులోనే కొన్నాళ్ళు నేర్పి పంపారట. ఓనర్‌కు ఫోన్ చేస్తే, "కావాలంటే వేరే అమ్మాయిని పంపుతం మేడమ్" అన్నాడు. ఆ వేరే అమ్మాయి ఏం చదివిందో చెప్పమంటే మాత్రం జవాబు లేదు.

వెల్లకిలా ఉంచి పాలు పోస్తే అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, దాంతో నిమోనియా వస్తుంది. పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి, పోశాక కూడా కనీసం అరగంట అట్లాగే ఉంచాలి. ఆ అమ్మాయికి ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా పంపి, నర్సు పేరుతో డబ్బు తీసుకున్న వాళ్ళదే ఆ తప్పు.

అందుకే మొదటి ఫోన్‌లోనే తేల్చుకోవలసింది: మీకు కావలసింది నర్సా, కేర్‌టేకరా? ట్యూబు వేయడం, మూత్రం పైపు మార్చడం, ఇంజెక్షన్ చేయడం నర్సు పనులు. నర్సంటే ఏఎన్‌ఎం గానీ జీఎన్‌ఎం గానీ బీఎస్సీ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన మనిషి. ఆ నంబర్, సర్టిఫికెట్ కాపీ ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి, అనుమానముంటే కౌన్సిల్‌లో అడగండి. స్నానం, డైపర్, పక్కకు తిప్పడం, నోటితో తినిపించడం లాంటివి శిక్షణ ఉన్న కేర్‌టేకర్ బాగా చేయగలరు. హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని స్కిల్ కోర్సులున్నాయి, అవి చేశారేమో కనుక్కోండి. మాకు చివరికి కుదిరింది ఇదే. రోజంతా కేర్‌టేకర్, ట్యూబు పనికి మాత్రం తెలిసిన స్టాఫ్ నర్సు వచ్చి వెళ్ళేది. నాన్నగారు ఇంకా ఫాలో-అప్‌కు వెళ్తుంటారు కదా, ఈసారి వచ్చే మనిషినీ అమ్మనూ వెంట తీసుకెళ్ళి, వార్డు సిస్టర్ చేత ఒకసారి చేసి చూపించమని అడగండి. కాదనరు.

అగ్రిమెంట్ కాగితం మీద ఉండాలి. వచ్చే మనిషి పేరు, చదువు, ఏ పనులు, ఎన్ని గంటలు, సెలవు పెడితే బదులు ఎవరు, మధ్యలో మానేస్తే అడ్వాన్స్ ఎంత తిరిగిస్తారు, అన్నీ రాయించండి. పోలీస్ వెరిఫికేషన్ తెలంగాణ పోలీసుల దగ్గర ఆన్‌లైన్‌లోనే చేయించవచ్చు. ఆధార్ జిరాక్స్ పెట్టుకోవడంతో అది అయిపోయినట్టు కాదు. డబ్బు చేతికి ఇవ్వకుండా ఫోన్‌పే చేసి, బిల్లు తీసుకోండి.

మంచం పక్కన ఒక నోట్‌బుక్ కూడా. ఫీడ్ ఇచ్చిన టైమ్, మూత్రం ఎంత వచ్చింది, బీపీ, షుగర్, ఎప్పుడు ఏ పక్కకు తిప్పారు అన్నీ అందులో రాయాలి. మంచాన పడ్డ మనిషిని దాదాపు రెండు గంటలకోసారి తిప్పాలి. నడుం కింది ఎముక దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రగా మారి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. రోజూ స్నానం అప్పుడు అమ్మను స్వయంగా చూడమనండి. సాయంత్రం ఆ పేజీ ఫోటో మీకు పంపమంటే, హైదరాబాద్ నుంచే సగం సంగతులు తెలుస్తాయి.

ఇరవై నాలుగు గంటల డ్యూటీకి మాత్రం ఒక్కరినే పెట్టకండి. ఈ పనికి వచ్చేవాళ్ళు చాలామంది ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పల్లెల పిల్లలు. మనం కట్టే డబ్బులో ఏజెన్సీ తన వాటా తీసుకున్నాకే వాళ్ళకు అందుతుంది. పగలంతా పని చేసి, రాత్రి రెండు గంటలకోసారి లేచే మనిషి ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? నిద్రలేని చేతులు మందు తప్పు వేస్తాయి. రెండు షిఫ్టులు పెట్టలేకపోతే రాత్రి భాగం ఇంట్లోవాళ్ళు పంచుకోవాలి. పనికి వచ్చిన మనిషికి గడియ ఉన్న గది, వేళకు అన్నం, వారానికో సెలవు ఇవ్వాలి. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఇల్లు కూడా పని చోటే. వాళ్ళకు ఇబ్బంది కలిగితే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఏజెన్సీల రిజిస్ట్రేషన్ వస్తే మొదట మేలు జరిగేది వీళ్ళకే అని నా నమ్మకం.

ఇక ఫిర్యాదులు. కొట్టడం, దొంగతనం లాంటివైతే నేరుగా పోలీసులకే, 100కి ఫోన్ చేయండి. నర్సింగ్ సర్టిఫికెట్ దొంగదని తేలితే పోలీసులతో పాటు నర్సింగ్ కౌన్సిల్‌కూ రాయండి. పెద్దవాళ్ళను సతాయిస్తున్నారనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 ఉంది. డబ్బు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వకపోతే అది వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊరిలోనే వేయవచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. అక్కడ మీ అగ్రిమెంటు, ఫోన్‌పే రికార్డు, ఆ నోట్‌బుక్ మాట్లాడతాయి.

ఏజెన్సీ తలుపు తట్టే ముందు ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులున్నవాళ్ళకు బాధ తగ్గించే సేవ) గురించి కూడా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో కనుక్కోండి. ఆలన పేరుతో నడిచే వ్యాన్లలో సిబ్బంది మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు ఉచితంగా వచ్చి చూస్తారు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఒక దరఖాస్తు కూడా ఇవ్వండి. నేను ఇచ్చాను. చట్టం వచ్చేదాకా ఆగకుండా, జిల్లాలో ఇళ్ళకు మనుషులను పంపే ఏజెన్సీల జాబితా, వాళ్ళ దగ్గర ఉన్న రిజిస్టర్డ్ నర్సుల నంబర్లతో సహా, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో పెట్టాలని అందులో అడిగాను. అదే మాట పది ఇళ్ళ నుంచి వెళ్తే కలెక్టర్ పట్టించుకుంటారు.