స్థానిక ఆహారమా, దిగుమతి ఆహారమా: ప్యాకింగ్ ఉద్గారాలు దేనికి తక్కువ?

దగ్గర్లో తయారైన ఆహారానికి ప్యాకింగ్ వల్ల వచ్చే కర్బన ఉద్గారాలు దిగుమతి సరుకు కంటే తప్పకుండా తక్కువేనా అని అడిగారు. తప్పకుండా అనలేం. ఆహారం ప్యాక్ చేసే ఒక కంపెనీలో ఈ లెక్కలు కట్టడమే నా పని. దూరం కన్నా డబ్బాయే పెద్ద అంకెగా తేలడం మాకు మామూలు విషయం.

లీటరు జ్యూస్ సంగతే చూడండి. గాజు సీసా బరువు దాదాపు అర కిలో. గాజు కరిగించాలంటే కొలిమిలో 1500 డిగ్రీల వేడి కావాలి కాబట్టి, కిలో గాజుకు ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఖాళీ సీసాకే అర కిలో. అదే సీసాను జ్యూస్‌తో సహా ఓడలో 10,000 కిలోమీటర్లు పంపినా ఉద్గారాలు ఇంచుమించు 200 గ్రాములే. ఇంకో పద్ధతీ ఉంది. కంటైనర్‌లో పరిచే ఫ్లెక్సీట్యాంక్ అనే పెద్ద సంచిలో 24,000 లీటర్ల దాకా పడుతుంది. సీసాల్లో నింపి పంపితే అదే కంటైనర్‌లో అందులో సగం కూడా పట్టదు. అలా సంచిలో తెచ్చి, ఇక్కడే తేలికపాటి అట్ట కార్టన్‌లో నింపితే, పక్క ఊళ్లో గాజు సీసాలో నింపిన జ్యూస్ కన్నా ఉద్గారాలు తక్కువ కావచ్చు. మొదటిసారి ఈ లెక్క చూసినవాళ్లు ఎక్కడో తప్పు దొర్లిందనుకుంటారు.

అలాగని దిగుమతి సరుకును వెనకేసుకు రావడం లేదు. దూరం వెళ్లే సరుకుకు బయటి అట్టపెట్టె మందంగా ఉండాలి, లోపల అరలు కావాలి, పెట్టెలు పేర్చే చెక్క పలక, అంటే ప్యాలెట్ చుట్టూ ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టాలి. ఇవన్నీ గోడౌన్‌లోనే ఆగిపోతాయి కాబట్టి కొనేవాళ్ల కంట పడవు. కొన్ని కంపెనీలు తమ లెక్కలో కూడా వీటిని వదిలేస్తాయి, అది నాకు నచ్చదు.

స్థానికం నిజంగా గెలిచేది సీసాలు వెనక్కి తీసుకుని, కడిగి, మళ్లీ నింపే చోట. ఒకే సీసా ఎన్నోసార్లు తిరిగితే ఆ అర కిలో అన్ని వాడకాలకూ పంచుకుపోతుంది. ఖాళీ సీసాలను సముద్రం దాటించి వెనక్కి పంపడం ఎవరికీ గిట్టుబాటు కాదు, దగ్గర్లో అయితే కుదురుతుంది. అల్యూమినియం డబ్బాలకైతే రీసైకిల్ చేసిన లోహం వాడారా లేదా అన్నదే ముఖ్యం. కొత్త లోహం తయారీకి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాతది కరిగించొచ్చు.

ఇంకో మాట. 2018లో పూర్, నెమెచెక్ చేసిన అధ్యయనం ప్రకారం ఆహార వ్యవస్థ ఉద్గారాల్లో ప్యాకింగ్ వాటా 5 శాతం, రవాణా వాటా 6 శాతం దాకా ఉంటాయి. ఎక్కువ భాగం పొలంలోనే పుడుతుంది. అందుకే ప్యాకింగ్ తీసేయడం వల్ల సరుకు కుళ్లిపోతే, దాన్ని పండించడానికి అయిన ఉద్గారాలన్నీ చెత్తకుండీ పాలే. పల్చటి ఫిల్మ్ మీద నాకు పెద్దగా కోపం లేకపోవడానికి కారణం ఇదే.

విమానంలో వచ్చే సరుకు విషయంలో మాత్రం దూరమే పెద్ద అంకె. ఓడతో పోలిస్తే టన్నుకు, కిలోమీటరుకు ఉద్గారాలు ఎన్నో పదుల రెట్లు ఎక్కువ, దాని ముందు ఏ ప్యాకింగూ లెక్కలోకి రాదు. లేబుల్ మీద ఆ సంగతి సాధారణంగా రాయరు. సముద్రం అవతలి నుంచి వచ్చి, రెండు మూడు రోజుల్లో పాడయ్యే తాజా సరుకైతే విమానంలో వచ్చిందనే అనుకోండి.