అప్పు తీరేనాటికి ఆర్సీ గడువు ముగిసే కారు

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లి. ప్రైవేటు ఉద్యోగం, జీతం నెలకు 38,000 రూపాయలు. ఖర్చులన్నీ పోను 9,000 మిగులుతాయి. నాన్నగారిని నెలకోసారి తిరుపతి స్విమ్స్‌కు తీసుకెళ్లాలి. ట్యాక్సీకి ప్రతిసారీ 4,500 అవుతోంది. తెలిసినవారి ద్వారా 2013 మార్చిలో రిజిస్టరైన డీజిల్ స్విఫ్ట్ ఒకటి బేరానికి వచ్చింది. 96,000 కిలోమీటర్లే తిరిగిందంటున్నారు. ధర 3.10 లక్షలు. నా దగ్గర 1.60 లక్షలున్నాయి. మిగతా 1.50 లక్షలు ఇక్కడి ఫైనాన్స్‌వారు నూటికి రూపాయిన్నర వడ్డీకి, రెండేళ్ల వాయిదాలపై ఇస్తామన్నారు. ఆర్సీలో పేరు తర్వాత మార్చుకోవచ్చని, ఫారాల మీద సంతకాలు పెట్టించి ఇస్తానని అమ్మే ఆయన అంటున్నారు. ఇంత పాత కారును నమ్మవచ్చా?

జవాబు: ఈ కారును ఈ ధరకు, ఈ అప్పుతో కొనవద్దు. పాత కార్లంటే నాకు భయం లేదు. బాగా చూసుకున్న పాత కారు మధ్యతరగతి ఇంటికి ఎంతో మేలు చేస్తుంది. మీరు చెప్పిన మోడల్‌లోని 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ మన రోడ్లమీద చాలా కంపెనీల కార్లలో తిరిగింది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్ల అమ్మకం ఆపేసినా, విడిభాగాలు, ఆ ఇంజన్ తెలిసిన మెకానిక్‌లు కడపలో దొరుకుతారు. నా ఆందోళనంతా మీ లెక్క గురించే.

ముందు అప్పు సంగతి. నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఇలాంటి ఫైనాన్స్‌లో వడ్డీని తొలుత ఇచ్చిన అసలు మొత్తం మీదే చివరిదాకా వేస్తారు. మీరు వాయిదాలు కట్టి అసలు తగ్గిస్తూ వచ్చినా వడ్డీ తగ్గదు. 1.50 లక్షల మీద నెలకు 2,250 చొప్పున 24 నెలలకు 54,000 వడ్డీ. నెల వాయిదా 8,500. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే ఇది ఏడాదికి 31 శాతం దాటుతుంది. మీరు ఏడాది పొడవునా తిరుపతి ట్యాక్సీకి పెట్టే ఖర్చు కూడా సరిగ్గా 54,000. అంటే ఒక ఏడాది ట్యాక్సీ డబ్బు వడ్డీకే పోతుంది, కారు ఇంకా డీజిల్ అడుగుతూనే ఉంటుంది.

ఇక నెలకు మిగిలే 9,000లో 8,500 వాయిదాకు పోతే చేతిలో ఉండేది 500. పాత కారున్న ఇంట్లో నెలకు 500 మిగులు పెట్టుకుని బతకడం కుదరదు. క్లచ్ పోయిన నెలలో నాన్నగారి మందుల డబ్బుకే ఎసరు వస్తుంది.

ఇంకో మాట. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఈ కారుకు ఆ గడువు 2028 మార్చిలో ముగుస్తుంది. రెండేళ్ల వాయిదాలు పూర్తయ్యేనాటికి మీ చేతిలో ఉండేది గడువు తీరిన, లేదా తీరబోతున్న బండి. తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. ఆ రుసుము కార్లకు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పాత బండ్లపై వేసే హరిత పన్ను దానికి అదనం. పరీక్షకు ముందు టైర్లు, బ్రేకులు, లైట్లు, బాడీ సరిచేయించే ఖర్చు వేరే ఉంటుంది. అప్పుడు అమ్ముదామంటే కొనేవారు ఇవే కారణాలు చెప్పి ధర తగ్గిస్తారు. 3.10 లక్షలు చెబుతున్న వ్యక్తి ఈ విషయం ధరలో ఏమాత్రం తగ్గించినట్లు నాకు కనిపించలేదు.

కారు నమ్మదగినదా అన్నదానికి నా దగ్గరున్న కొలత ఒక్కటే: కొన్న తొలి ఏడాది అది మీ చేత ఎంత ఖర్చు పెట్టిస్తుంది? చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజన్ బాగుందా లేదా అన్న ప్రశ్నతో వెళ్లకండి. కనబడిన ప్రతి లోపానికీ మెకానిక్ చేత ధర చెప్పించి కాగితం మీద రాసుకోండి. ఆ మొత్తం అడిగిన ధరకు కలిపితే వచ్చేదే మీకు పడే అసలు ధర.

మొదటగా 96,000 కిలోమీటర్ల మాట. ఏడాదికి సగటున ఏడున్నర వేలు. 2013లో పెట్రోలుకూ డీజిల్‌కూ ధరలో పెద్ద తేడా ఉండేది. ఎక్కువ తిరిగేవారే అదనంగా డబ్బు పెట్టి డీజిల్ కారు కొనేవారు. అందుకే ఈ సంఖ్యను నేను సులువుగా నమ్మను. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి పాత సర్వీసు వివరాలు చూపించమని యజమాని చేతనే అడిగించండి. 2018లోనే లక్ష దాటినట్లు ఉంటే బేరం అక్కడితో ముగిసింది. వివరాలు దొరకకపోతే క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ చక్రం, డ్రైవర్ సీటు అంచు చూడండి. మీటరును వెనక్కి తిప్పినవారు వీటిని మార్చడం తరచు మరచిపోతారు. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గీతలు ఎంత లోతుగా కనిపించినా అంత పాత టైర్లతో కడప ఎండల్లో తిరుపతి రోడ్డెక్కకూడదు. నాలుగు టైర్ల ధర మీ కాగితంలోకి ఎక్కించండి.

కారును ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మర్యాదగా చెప్పి మరో రోజు వెళ్లండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే గొలుసు గలగలలాడినట్లు శబ్దం వచ్చి కాసేపు ఆగకపోతే టైమింగ్ చైన్ సాగిందేమో చూడాలి. అది పెద్ద ఖర్చు. పొగ నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్‌ను తాగుతోందని, స్టార్టయిన చాలాసేపటికి కూడా తెల్లగా వస్తుంటే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) లోపలికి చేరుతోందని అనుమానించాలి. ఆయిల్ మూత లోపల మజ్జిగలాంటి తెల్లటి పదార్థం ఉన్నా అదే అనుమానం.

రాయలసీమ కార్లలో నేను ప్రత్యేకంగా చూడమనేది రేడియేటర్. కూలెంట్ కొనడం దండగ అనుకుని బోరునీళ్లు పోసేవారు మన ప్రాంతంలో ఎక్కువ. మన బోర్లలో చాలావాటిది ఉప్పునీరు. ఆ నీటితో లోపల గార పేరుకుపోతుంది. శీతాకాలంలో కారు బాగానే ఉంటుంది, మే నెలలో వేడెక్కి ఆగిపోతుంది. రేడియేటర్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూస్తే తుప్పు రంగు నీరా, రంగు కూలెంటా అన్నది తెలిసిపోతుంది. తర్వాత ఏసీ పూర్తిగా పెట్టి, నలుగురు కూర్చుని, పగటిపూట రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కించండి. ఊళ్లో చదునైన రోడ్డు మీద దాగిన క్లచ్ జారుడు, టర్బో నీరసం, వేడి ముల్లు పైకి పోవడం ఆ ఎక్కుడులో బయటపడతాయి. దిగేటప్పుడు బ్రేకుల సంగతి తెలుస్తుంది.

వరద గురించి కూడా చెప్పాలి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పక్కన ఊళ్లను ముంచింది. ఆ పరిసరాల్లో తిరిగిన బండి అయితే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బురద మరక అక్కడ మిగిలిపోతుంది. సీట్ల కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు కూడా చూడాలి. నీట మునిగిన కారును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. దాని వైరింగ్ ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇదంతా మీరొక్కరే చూడనవసరం లేదు. మంచి మెకానిక్‌ను తీసుకెళ్లండి, ఆయనకు డబ్బు మీ జేబులోంచే ఇవ్వండి. అమ్మే వ్యక్తి చూపించిన మెకానిక్ వద్దు. పరీక్షకు ఒప్పుకోని వ్యక్తితో బేరమూ వద్దు.

కాగితాల విషయంలో మాత్రం రాజీ పడకండి. సంతకాలు పెట్టిన ఫారాలు చేతికిచ్చి "తర్వాత మార్చుకోండి" అనడం చాలామంది చేసే పనే, కానీ నష్టపోయేది మీరు. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. బీమా బదిలీకి కొన్నవారు 14 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. అది చేయకపోతే మీ కారుకు జరిగిన నష్టానికి బీమా రాదు. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ (బీమా డబ్బు అడగనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు కాబట్టి ప్రీమియం మీరు కొత్తగా లెక్కవేసుకోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇప్పుడున్నది ఎన్నవ యజమాని, ఫైనాన్స్ బాకీ ఉందా, బీమా ఎప్పటిదాకా అన్నవి కనిపిస్తాయి. అక్కడ ఫైనాన్స్ పేరు ఉంటే బాకీ తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే పత్రం, ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 వచ్చాకే డబ్బివ్వండి. పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు ఆర్సీలో పేరున్న వ్యక్తివే కావాలి. మధ్యవర్తి మాట చెల్లదు.

బెంగళూరు, ఢిల్లీ కార్లు చవక అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఆంక్షలు రావడంతో అవి దక్షిణాదికి తరలాయి. వేరే రాష్ట్రపు బండికి అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి, ఏడాదిలోపు కొత్త నంబరు తీసుకోవాలి. మీ పరిస్థితిలో ఆ తిప్పలు వద్దు.

అయితే ఏం చేయాలి? మరో పది నెలలు ట్యాక్సీలోనే వెళ్లండి. నెలకు 9,000 చొప్పున పక్కన పెడితే మీ డబ్బు 2.50 లక్షలవుతుంది. అందులో 50,000 తొలి ఏడాది మరమ్మతులకు, బీమాకు, పేరు మార్పుకు ఉంచి, రెండు లక్షలలోపు చిన్న పెట్రోలు కారు చూడండి. ఆర్సీ గడువు ఇంకా నాలుగైదేళ్లయినా మిగిలి ఉండాలి. నెలకు ఒక తిరుపతి ప్రయాణం, ఊళ్లో నాలుగు పనులు అంటే డీజిల్ వల్ల మిగిలేది తక్కువ. ఇంజెక్టర్లు, టర్బో చెడితే అయ్యే ఖర్చు ఎక్కువ. నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా పది నెలలు ఆగలేనంటే, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో దానిపై చిన్న అప్పు తీసుకోండి. వడ్డీ ఆ ఫైనాన్స్‌లో పడేదానిలో దాదాపు మూడో వంతే ఉంటుంది.

నాన్నగారి వైద్యానికి అత్యవసర డబ్బు విడిగా ఉందో లేదో మీరు రాయలేదు. ఆ డబ్బు కూడా ఈ 1.60 లక్షల్లోనే ఉంటే, ముందు దాన్ని తీసి వేరే ఖాతాలో వేయండి. మిగిలినదాన్నే కారు డబ్బుగా లెక్కపెట్టి పది నెలలను ఆ మేరకు పొడిగించండి.