రాత్ ఖాతా, తిరుగు ప్రయాణం

ప్రశ్న: డాలస్‌లో హెచ్‌-1బీ వీసాపై పనిచేస్తున్నాను. వయసు 37. ఎనిమిది, పదేళ్లలో కాకినాడకు తిరిగి వచ్చేయాలని ఉంది. రాత్ ఐఆర్‌ఏలో (అమెరికాలో ఎవరికి వారు తెరుచుకునే రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఏటా డబ్బు వేద్దామంటే, ‘ఒక సెనేటర్ తెచ్చిన పథకం, రేపు ఇంకొకరు తీసేస్తారు’ అని మిత్రులు భయపెడుతున్నారు. వేయవచ్చా?

జవాబు: మీ మిత్రుల భయం తీరాలంటే ఆ సెనేటర్ గురించి కొంత తెలియాలి. విలియం రాత్ డెలావేర్ నుంచి 1971 మొదలు 2001 జనవరి వరకు సెనేట్‌లో ఉన్న రిపబ్లికన్. ఆయన పట్టించుకోని రంగం తక్కువ. పెంటగాన్ దుబారాను నిలదీశారు, నాటో దేశాల పార్లమెంటు సభ్యుల సభకు అధ్యక్షుడయ్యారు. 1981లో రీగన్ సంతకం చేసిన పెద్ద పన్ను కోతకు ప్రతినిధుల సభ సభ్యుడు జాక్ కెంప్‌తో కలిసి పునాది వేశారు. పన్నుల శాఖ జనాన్ని వేధిస్తోందంటూ ఆయన జరిపిన విచారణలు 1998 నాటి సంస్కరణ చట్టానికి దారితీశాయి. ఇన్ని చేసినా సామాన్యుడి నోట ఆయన పేరు మిగిలింది 1997 చట్టంతో వచ్చిన ఈ ఖాతా వల్లే.

ఆ చట్టాన్ని రిపబ్లికన్ల కాంగ్రెస్ ఆమోదిస్తే డెమొక్రాట్ అయిన క్లింటన్ సంతకం చేశారు. రెండు పార్టీలకూ ఇది నచ్చడానికి కారణం ఉంది. పన్ను కట్టిన డబ్బే ఇందులో వేస్తారు కాబట్టి ఖజానాకు రాబడి ఈనాడే వస్తుంది; రిటైరయ్యాక తీసే డబ్బుపై పన్ను లేదు కాబట్టి వదులుకునేది దశాబ్దాల తర్వాత. అందుకే ఇది పెరుగుతూనే వచ్చింది. మొదట ఏటా 2,000 డాలర్లున్న పరిమితి 2025లో, యాభై నిండని వారికి, 7,000. 2006 నుంచి, కంపెనీలు ఉద్యోగులకు నడిపే రిటైర్మెంట్ ఖాతా 401కేలో కూడా రాత్ వాటా పెట్టుకోవచ్చు. 2021లో భారీ ఖాతాలకు కళ్లెం వేయాలన్న ప్రతిపాదన చట్టం కాలేదు. మీ స్థాయి పొదుపుకు వాషింగ్టన్ నుంచి ముప్పు వస్తుందని నేను అనుకోను.

నాకు దిగులు కలిగించింది మీరు కాకినాడ గురించి రాసిన మాట. ‘పన్ను లేదు’ అన్నది అమెరికా ఇచ్చిన మాట, భారత్ ఇచ్చినది కాదు. మీరు ఇక్కడ పూర్తి స్థాయి నివాసి అయ్యాక విదేశీ ఆదాయం కూడా మన పన్ను లెక్కలోకి వస్తుంది. అమెరికా రిటైర్మెంట్ ఖాతాలపై పన్నును, అక్కడ పన్ను పడే ఏడాది వరకు వాయిదా వేసుకునే వీలును 2021లో మన ఆదాయపు పన్ను చట్టంలో 89ఏ సెక్షన్‌గా చేర్చారు. డబ్బు తీసేటప్పుడు అమెరికాలో పన్ను పడే మామూలు 401కేకు అది చక్కగా అతుకుతుంది. రాత్‌కు అక్కడ పన్నే పడదు కాబట్టి అంత తేలిగ్గా అతకదు.

తిరిగొచ్చిన కొత్తలో, సాధారణంగా రెండు మూడేళ్లు, విదేశీ రాబడిపై ఇక్కడ పన్ను పడని హోదా దొరుకుతుంది. అయితే అప్పటికి మీకు 45 నుంచి 50 ఏళ్లు. 59½ నిండకుండా రాబడి తీస్తే అమెరికా పన్నుతో పాటు 10 శాతం జరిమానా కూడా వేస్తుంది. మీరు వేసిన అసలు మాత్రం ఎప్పుడు తీసినా అక్కడ పన్ను, జరిమానా లేవు.

అందుకని ముందు 401కేలో కంపెనీ ఇచ్చే వాటా మొత్తం దక్కేంత వేయండి. తిరుగు ప్రయాణం ఖాయమైతే ఆపై పొదుపూ మామూలు 401కేలోనే సాగనివ్వండి. మనసు ఊగిసలాడుతుంటే రాత్‌లో కొంత వేయండి, వేసిన అసలు లెక్క ఏటా రాసిపెట్టుకోండి. టికెట్లు కొనడానికి ఏడాది ముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి.